కార్డు మీద ఎనిమిదేళ్ల డయాలసిస్: ప్రైవేటులో రెండేళ్లు, సర్కారు ఆసుపత్రిలో ఆరేళ్లు

మా నాయనకు రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదని 2017 చివరలో తెలిసింది. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరుగుతోంది. మొదటి రెండేళ్లు అనంతపురం ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కార్డు మీద చేయించాము; ఆ తర్వాతి ఆరేళ్లూ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోనే. రెండుచోట్లా ఆయన పక్కన కూర్చున్నది నేనే.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, మా పల్లెల్లో అందరి నోటా ఆరోగ్యశ్రీ అనే మాటే వినిపిస్తుంది. కార్డు అనుమతి వచ్చేలోపు మేము ఒక నెలపాటు, ఒక్కోసారికి 2,000 రూపాయల చొప్పున చేతి డబ్బు కట్టాము. ఏడాదికి 156 సార్లు కాబట్టి ఆ లెక్కన 3,12,000 రూపాయలు అవుతుంది. వేరుశనగ పంట మీద బతికే మా ఇంట్లో అంత డబ్బు మిగిలిన సంవత్సరం ఒక్కటీ లేదు. ఆ కార్డే లేకపోతే మా నాయన 2018 ఉగాదిని చూసేవారు కాదు.

అయినా ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు రోగి వేరు, డబ్బు కట్టే రోగి వేరు అన్న సంగతి మొదటి వారంలోనే అర్థమైంది. యంత్రాలు, గది, డాక్టరు అన్నీ అవే. వేళలు మాత్రం వేరు. పగటి షిఫ్టులు డబ్బు కట్టేవారికి పోగా, మాకు రాత్రి పది గంటలకు మొదలై రెండు గంటలకు ముగిసే షిఫ్టు దక్కేది. డయాలసిస్ ముగిశాక రక్తపోటు పడిపోయి తూలుతున్న మనిషిని ఆ వేళ ఊరికి తీసుకుపోయే దారి లేక, తెల్లవారి మొదటి బస్సు వచ్చేదాకా వరండాలో పడుకోబెట్టేవాడిని. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లను బయట కొనుక్కు రమ్మనేవారు, అవి ప్యాకేజీలోకి (కార్డు కింద ఆసుపత్రికి ప్రభుత్వం చెల్లించే సొమ్ములోకి) వస్తాయా రావా అని అడిగితే జవాబు ఉండేది కాదు.

సర్కారు ఆసుపత్రికి మారాక ఈ తేడా పోయింది. ఆరేళ్లలో మమ్మల్ని ఒక్క రూపాయి అడిగినవారు లేరు, ఉదయం ఆరు గంటల షిఫ్టు కూడా దొరికింది. అక్కడి కష్టం వేరే రకం. ఒక్క డయాలసిస్‌కు శుద్ధి చేసిన నీళ్లు సుమారు 120 లీటర్లు కావాలి. మా సీమలో వేసవి వస్తే ఆ నీళ్లే కరువు. శుద్ధి యంత్రం మొరాయించినా, ట్యాంకరు ఆలస్యమైనా, "పెద్దాయనా, ఈపొద్దు మూడు గంటలే పెడతాము, నీళ్లు చాలవు" అని టెక్నీషియన్ చెప్పేవాడు. తగ్గిన ఆ గంట ఫలితం రెండోరోజుకే కాళ్ల వాపులో, రాత్రి పడుకోనివ్వని ఆయాసంలో కనిపించేది.

నెలల తరబడి మేమంతా నోటిమాటగా మొరపెట్టుకున్నా ఆ యంత్రం బాగుపడలేదు. తర్వాత ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు మా షిఫ్టులో చేరారు. ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద ప్రైవేటుకు వెళ్లగలిగీ, ఇల్లు దగ్గరని మా సర్కారు ఆసుపత్రికే వచ్చిన మనిషి. ఆయన కలెక్టరేటులో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమానికి రెండుసార్లు వెళ్లి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తెచ్చుకున్నారు. పదిరోజుల్లో శుద్ధి యంత్రానికి కొత్త ఫిల్టర్లు వచ్చాయి. డబ్బున్నవారు ప్రైవేటుకు వెళ్తే పేదలకు వరుస తగ్గుతుందని చాలామంది వాదిస్తారు కానీ, నేను చూసినంతలో వాళ్లతోపాటు అడిగే గొంతు కూడా వెళ్లిపోతుంది. వరుస కూడా తగ్గలేదు, ఎందుకంటే మా గదిలోని అనుభవమున్న టెక్నీషియన్లు ఇద్దరు ఎక్కువ జీతానికి ప్రైవేటుకే వెళ్లారు.

2025 అక్టోబరులో నాయన చేతికున్న ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపిన చోటు, మూసుకుపోయింది. కొత్త ఫిస్టులా పెట్టే ఆపరేషన్ మా సర్కారు ఆసుపత్రిలో చేయరు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే కార్డు మీద వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రులు, పథకం సేవలు నిలిపివేశాయి. డబ్బు కడితే రేపే చేస్తామని ఒకచోట చెప్పారు. కట్టలేక, డయాలసిస్ కోసం మెడలో పెట్టిన తాత్కాలిక గొట్టంతో వారాలపాటు నెట్టుకొచ్చాము, ఆ గొట్టం దగ్గర చీముపట్టి జ్వరం కూడా వచ్చింది. బకాయి ప్రభుత్వానికీ ఆసుపత్రులకూ మధ్యది, దాన్ని ఒంటి మీద మోసింది మా నాయన. అందుకే ప్రైవేటుకు చెల్లించే ప్యాకేజీ సొమ్ములో కొంతైనా ముందు సర్కారు ఆసుపత్రుల్లో సర్జన్ల మీద, నీటి యంత్రాల మీద పెట్టాలని గట్టిగా కోరుతున్నాను. డబ్బు అడగని వైద్యం నాసిరకంగానే ఉంటుందనే వారు, 1991 నుంచి బిల్లు కౌంటరు లేకుండా గుండె ఆపరేషన్లు చేస్తున్న పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిని ఒకసారి చూసి రావాలి.

కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టే కుటుంబాలకు నేను సర్కారు ఆసుపత్రినే సూచిస్తాను. ఫిస్టులా ఆపరేషన్‌ను మాత్రం, పథకం సజావుగా నడుస్తున్న రోజుల్లో, అవసరం పడకముందే కార్డు మీద చేయించుకోండి. ఆ నరం సూదికి సిద్ధం కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.