ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఒటర్లో దాకా: సైకిల్‌కు పార్టీ ఉందా?

మా ఊళ్లో గోడ మీద సైకిల్ బొమ్మ కనిపిస్తే అది ఏ పార్టీదో చిన్నపిల్లలూ చెప్పేస్తారు. 1983లో సంక్రాంతి ముందు ఎన్నికలు జరిగినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. నాన్న రోజూ సైకిల్ మీదే బడికి వెళ్లి పాఠాలు చెప్పేవారు కాబట్టి ఆయన తెలుగుదేశం అని ఊరంతా తేల్చేసింది. ఆయన బతికినన్నాళ్లూ ఓటు వేసింది కంకి కొడవలికి. సైకిల్ మాత్రం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి.

2024 జూన్‌లో నెదర్లాండ్స్ వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టల్‌వేన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు నవ్వింది. "ఇక్కడా అంతే మామయ్యా. సైకిల్ అంటే ప్రాణం పెట్టేవాళ్లంతా వామపక్షమో, పర్యావరణ పార్టీయో అయి ఉంటారు. మా ఆఫీసులో చూస్తూనే ఉన్నాను కదా" అంది. యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలు అప్పుడే ముగిశాయి. అభ్యర్థుల పోస్టర్లు ఇంకా బోర్డుల మీదే ఉన్నాయి. ఆమె మాట ఎంత నిజమో చూద్దామని నాలుగు రోజులు కలిసి తొక్కాం: ఆమ్‌స్టర్‌డామ్, ఉట్రెక్ట్, వేనెండాల్, ఒటర్లో.

వెళ్లాలనుకునేవారికి తిరుగు ప్రయాణం సంగతి ముందే చెబుతాను. రైల్లో సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి. పనిదినాల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో సైకిల్‌ను ఎక్కనివ్వరు. మేము సోమవారం మధ్యాహ్నమే ఏడె స్టేషన్‌లో రైలు పట్టుకున్నాం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో బస నాకు నచ్చలేదు. గదికి రాత్రికి 160 యూరోలు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, సైకిల్ పెట్టుకునే చోటే లేదు. అద్దె సైకిల్ రోజుకు 14 యూరోలు. అది పర్వాలేదు గానీ, దుకాణం వాళ్లు ఇచ్చిన తాళం రెండో రోజే బిగుసుకుపోయింది. తాళాన్ని వాళ్ల ముందే నాలుగుసార్లు తెరిచి మూసి చూసుకోండి. రైల్వే స్టేషన్ ముందు నీటి అడుగున కట్టిన సైకిల్ స్టాండును మాత్రం తప్పక చూడాలి. 2023 జనవరిలో తెరిచారు, 7,000 సైకిళ్లు పడతాయి, మొదటి 24 గంటలు ఉచితం.

మేనకోడలి మాటకు బలం ఈ నగరంలోనే ఉంది. 1965లో ఇక్కడి ప్రోవో అనే అరాచకవాద యువకులు సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధిలో వదిలి, ఎవరైనా తొక్కుకోవచ్చన్నారు. తాళం వేయకపోవడం నిబంధనలకు విరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. సైకిల్ అప్పుడు నిజంగానే ఒక పక్షం జెండా. కానీ ఆ తర్వాత దేశాన్ని కదిలించింది వేరే సంగతి. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి, ప్రభుత్వం ఆదివారాలు కార్లను ఆపేసింది. ఖాళీ రోడ్లు ఎలా ఉంటాయో జనం కళ్లారా చూశారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఎవరూ ఏ పార్టీ అని అడగరు కదా.

ఉట్రెక్ట్‌కు దాదాపు 45 కిలోమీటర్లు, ఎక్కువ దూరం కాలువ గట్టు మీదే. దారి పొడవునా ఆకుపచ్చ బోర్డుల మీద కూడళ్ల నంబర్లు ఉంటాయి. పొద్దున్నే ఆ నంబర్లు కాగితం మీద వరసగా రాసి హ్యాండిల్‌కు అంటించుకుంటే చాలు, ఫోను తీయనవసరం లేదు. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ల స్టాండు ఉంది. మూడు అంతస్తులు, లోపలికి తొక్కుకుంటూనే వెళ్లవచ్చు. ఆ సాయంత్రం సూటు తొడుక్కున్నవాళ్లు, రంగు మరకల బట్టలతో పెయింటర్లు, తలకు స్కార్ఫు కట్టుకున్న అమ్మాయిలు, ముందు తొట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తండ్రులు ఒకే వాలులో దిగుతుంటే నేను పక్కకు ఆగి చాలాసేపు చూశాను. వీళ్లందరికీ ఒకే రాజకీయం అంటే ఎలా నమ్మను? ఆరేడు నెలల ముందు జరిగిన ఈ దేశ పార్లమెంటు ఎన్నికల్లో ఎక్కువ సీట్లు గెలిచింది విల్డర్స్ నాయకత్వంలోని తీవ్ర రైటిస్టు పార్టీ. ఆ ఓటర్లూ ఈ దారుల్లోనే తిరుగుతున్నారు.

మూడో రోజు హౌటెన్ అనే ఊరి మీదుగా వెళ్లాం. అక్కడ కారులో ఒక పేట నుంచి పక్క పేటకు వెళ్లాలంటే ఊరి చుట్టూ ఉన్న రోడ్డెక్కి తిరిగి రావాలి. సైకిల్‌కు మాత్రం తిన్నని దారి.

రాత్రి బస వేనెండాల్‌లో. ఇక్కడ సైకిల్ మీదో, నడిచో వచ్చేవాళ్లకే తమ ఇళ్లలో గది ఇచ్చే కుటుంబాల బృందం ఒకటి ఉంది, పేరు 'ఫ్రీండెన్ ఆప్ ద ఫీట్స్'. సభ్యత్వానికి కొద్దిపాటి రుసుము కడితే చిరునామాల జాబితా ఇస్తారు. అల్పాహారంతో కలిపి మనిషికి పాతిక యూరోలు తీసుకున్నారు. ఈ యాత్రలో మాకు దొరికిన అన్ని బసల్లోకీ ఇదే మేలైనది. రిటైరైన ఒక స్కూలు మాస్టారి ఇల్లు అది. షెడ్డులో తమ ఐదు సైకిళ్లను జరిపి మా రెంటికీ చోటు చేశారు, పట్టు విడవని నా తాళాన్ని నూనె వేసి దారికి తెచ్చారు. భోజనానికి ముందు తల వంచి ప్రార్థన చేశారు.

వేనెండాల్ మతనిష్ఠ బలంగా ఉన్న ప్రాంతం. 2013 దాకా మహిళల్ని అభ్యర్థులుగా నిలబెట్టని ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంప్రదాయ పార్టీ ఎస్‌జీపీకి ఇక్కడ గట్టి పట్టు ఉంది. దేశంలో ఉత్తమ సైకిల్ నగరంగా 2020లో ఎంపికైంది కూడా ఈ ఊరే! మాస్టారు తన ఓటు ఆ పార్టీకేనని అడగకుండానే చెప్పారు. మేనకోడలు తెలుగుదేశం గుర్తు గురించి వివరిస్తే ఆయనకు అర్థం కాలేదు. "సైకిల్ గుర్తు పెట్టుకుంటే ఓట్లు ఎలా వస్తాయి? అది అందరి దగ్గరా ఉంటుంది కదా" అన్నారు.

నాకు మా హైదరాబాద్ గుర్తొచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, నేనూ సెలవు రోజుల్లో తెల్లవారకముందే అక్కడికి వెళ్తాను. తొక్కేవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, ఎన్నికల వేళ గట్టిగానే వాదించుకుంటాం. మాలో కలిసేది రాజకీయం కాదు, ఖరీదైన సైకిల్ కొనుక్కోగల జీతం. వెనక క్యారియర్‌కు టిఫిన్ డబ్బా కట్టుకుని పనికి వెళ్లే మేస్త్రీ ఆ దారిలో కనిపించడు. లారీల పక్కనే తొక్కుతూ ఉంటాడు. సైకిల్ ప్రేమికులు అని లెక్క వేసేటప్పుడు అతన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నన్ను బాధపెట్టేది అదే.

మేనకోడలి మాట పూర్తిగా తప్పని అనను. దారి లేని చోట దారి కోసం పోరాడేవాళ్లు ఎక్కువగా ఒక వైపు నుంచే రావచ్చు. దారి పడ్డాక మాత్రం అందరూ దాని మీదకే వస్తారు. నెదర్లాండ్స్‌కు దాదాపు 14 ఏళ్లు ప్రధానిగా ఉన్న మార్క్ రూటెది రైటిస్టు పార్టీ, ఆయన ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్లేవారు. లండన్‌లో అద్దె సైకిళ్ల పథకం 2010లో మొదలైనప్పుడు మేయర్ కన్జర్వేటివ్ పార్టీకి చెందిన బోరిస్ జాన్సన్.

వేనెండాల్‌లో ఆదివారం ఉదయం నల్లకోట్లు, టోపీలు ధరించిన కుటుంబాలు చర్చికి వెళ్తున్నాయి, కొందరు నడిచి, కొందరు సైకిళ్ల మీద. మేము దాటిన వీధుల్లో దుకాణాలన్నీ మూసే ఉన్నాయి, అందుకని రొట్టె, నీళ్లు శనివారమే కొనిపెట్టుకోండి. ఒటర్లోలో చెక్క గుడిసెలో పడుకున్నాం. శుభ్రంగానే ఉంది గానీ దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నమే హోఖ వేలువ జాతీయ వనం చూశాం. ప్రవేశ రుసుము కడితే లోపల సుమారు 1,800 తెల్ల సైకిళ్లలో నచ్చింది ఉచితంగా తీసుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పోలీసులు పట్టుకుపోయిన ఆ తెల్ల సైకిలే, ఒక సంపన్న వ్యాపారి కుటుంబం ఏర్పరిచిన అడవిలో బతికి బట్టకట్టింది. ఒకే గేరు, తాళం లేదు, హ్యాండిల్‌కు బ్రేకు లేదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది.

వనంలోనే ఉన్న మ్యూజియంలో వాన్ గో చిత్రాలు చూసి బయటికి వచ్చేసరికి నేను తెచ్చిన సైకిల్ లేదు. ఎవరో తీసుకెళ్లారు. పక్కనున్నది పట్టుకున్నాను. నాకంటే ముందు తొక్కింది ఎవరో బాగా పొడగరి. మేనకోడలు హ్యాండిల్ పట్టుకుంటే, సీటు నాలుగు వేళ్లు కిందికి దించుకుని ఎక్కాను.