ఎరువు కాలువ పాలు కాకుండా ఏది మేలు: గట్టున గడ్డా, మడవ కట్టడమా?

వానాకాలం తెనాలి వైపు వెళ్తే మురుగు కాలువల్లో నీళ్లు కనపడవు, గుర్రపు డెక్కే కనపడుతుంది. ఊళ్ల మురుగుతో పాటు మన పొలాల్లో కరిగిన యూరియా, భాస్వరం ఉండే డీఏపీ కూడా దాన్ని మేపుతున్నాయి. డబ్బు పెట్టి కొన్న ఎరువు అలా పోతుంటే చూడలేం. ఆపడానికి రెండు దారులు చెబుతుంటారు: చేను అంచున గడ్డి పెంచడం, మడవ (గట్టులో నీళ్లు పారే గండి) కట్టి ఎరువు వేసే పద్ధతి మార్చడం. ఏది మేలన్నది మాగాణా, మెట్టా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మాగాణిలో నేను రెండోదే చెబుతాను. వరి మడిలో నీళ్లు ఎక్కువగా మడవ దగ్గరే బయటికి పోతాయి. గట్టంతా గడ్డి పెంచినా ఆ జానెడు సందును అది ఆపలేదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. నిండు నీళ్లలో చల్లాక ఆ రాత్రే వాన పడి మడవ తెగితే అందులో చాలా భాగం మురుగు కాలువకే. వేపపూత యూరియా మెల్లగా పనిచేస్తుంది నిజమే, కానీ పోయే నీటిని అదీ ఆపలేదు. అందుకే నీళ్లు ఇంకనిచ్చి, అడుగు వేస్తే అచ్చు నిలిచేంత బురద పదునులో చల్లాలి. మడవలో గడ్డి చుట్ట పెట్టి, బురద పెళ్లలు వేసి, కాలితో గట్టిగా తొక్కాలి. 36 నుంచి 48 గంటలు ఆగి పలచగా నీళ్లు పెట్టాలి. ఎరువును మూడు విడతలు చేసి నాటేటప్పుడు, దుబ్బు చేసేటప్పుడు, వెన్ను పుట్టే అంకురం దశలో వేస్తే పైరు తినగలిగినంతే అందుతుంది. కాలువ చివరి భూముల వాళ్లకి మడి ఆరబెట్టడమంటే టెన్షనే. వాళ్లు నీటి వంతుకి రెండు రోజుల ముందు చల్లుకుంటే సరిపోతుంది.

తాడికొండ, ప్రత్తిపాడు వైపు మెట్ట మిరప చేలల్లో కథ వేరు. అక్కడ పెద్ద వాన పడితే నీళ్లు నల్లమట్టిని కోసుకుంటూ పల్లానికి పరుగెడతాయి. భాస్వరం మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి మట్టితోనే పోతుంది. పల్లపు అంచున నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి ఉంటే నీటి వేగం తగ్గి మట్టి అక్కడే దిగుతుంది, గేదెలకు మేతా దొరుకుతుంది. నీళ్లలో కరిగిన నత్రజనిని మాత్రం అది అంతగా పట్టలేదు.

అయితే ఎకరానికి ఇంతని కౌలు కట్టే రైతుని అంత నేల వదులుకోమనడం న్యాయం కాదు. గడ్డి పెంచాల్సింది భూమి సొంతదారు. కౌలు రైతు సాళ్లు వాలుకి అడ్డంగా తోలుకోవాలి, మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే ఆ ఏడాది డీఏపీ తగ్గించుకోవాలి.