నాలుగు పిల్లులు, పది కిలోల మట్టి సంచి

పిల్లుల లిట్టర్, అంటే అవి కాలకృత్యాలు తీర్చుకునే ట్రేలో పోసే మట్టి లాంటి సరుకు, గురించి సమీక్షలు చాలానే కనిపిస్తాయి కాని, వాటిలో ఎక్కువ భాగం ఒక్క పిల్లిని పెంచుకునేవారు రాసినవి. మా ఇంట్లో నాలుగున్నాయి. నల్లటి మిరియాన్ని కోరి తెచ్చుకున్నాము. మూడు రంగుల సుబ్బులు ఒక వానాకాలపు రాత్రి తడిసి ముద్దయి మా మెట్ల కిందికి చేరి, వారం తిరగకుండానే జున్నును, బెల్లాన్ని కని, ఇక కదలనని తేల్చి చెప్పింది. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, పూలకుండీలలో తప్ప మట్టి కనిపించని చోట, ఈ నలుగురి కాలకృత్యాల ఏర్పాటు మా సంసారంలో బియ్యం, పాలు, కరెంటు బిల్లులతో సమానమైన విషయమైపోయింది.

మొదట్లో ఇళ్లు కట్టేచోట అడిగి తెచ్చిన ఇసుక వాడాము. ఇసుక తడిని పట్టి ఉంచదు, అడుగుకు జార్చేస్తుంది. రెండో రోజుకల్లా బాల్కనీ తలుపు తీయాలంటే భయం వేసేది. పిల్లలు చిన్నవిగా ఉన్నప్పుడు చెక్క గుళికలు వాడాము, ఎందుకంటే ఆ వయసులో అవి కంటబడిన ప్రతిదీ నోట పెడతాయి, తడికి ఉబ్బే మట్టి కడుపులోకి వెళ్లడం మంచిది కాదు. అవి పెద్దవైన తరువాత, గత ఎనిమిది నెలలుగా వాడుతున్నది పది కిలోల సంచిలో వచ్చే, సువాసన కలపని బెంటోనైట్ మట్టి. తయారుచేసే కంపెనీ పేరు రాయడం లేదు. సంచి మీద పేరు ఏదైనా లోపలి సరుకు మట్టే, నేను చెప్పబోయేది ఆ మట్టి గుణం గురించి.

పిల్లులకు మట్టి అమ్మడమనే వ్యాపారం 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో మొదలైంది. ఎడ్వర్డ్ లో (Lowe) అనే ఆయన, పిల్లికి బూడిద వాడుతున్న ఒక పొరుగావిడకు ఫుల్లర్స్ ఎర్త్ ఇచ్చి చూడమన్నాడు. అది మనం ముఖానికి పట్టించుకునే ముల్తానీ మట్టి కోవకు చెందినదే. అయితే అది తడిని పీల్చుకుంటుందే తప్ప గడ్డకట్టదు. బెంటోనైట్ అలా కాదు. తడి తగిలిన మేర ఉబ్బి, రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కడతాయి. మన దేశంలో ఈ మట్టికి గుజరాత్‌లోని కచ్ ప్రసిద్ధి.

ఉండ కట్టడంలో ఈ సరుకుకు పూర్తి మార్కులు వేస్తాను. ట్రేలో మూడంగుళాల మందాన పోసినప్పుడు, పిల్లి వెళ్లి వచ్చిన పావుగంటకు, బూందీ గరిటెలాంటి చిల్లుల గరిటెతో తవ్వితే గట్టి లడ్డులా ఒక్క ముక్కగా పైకి వస్తుంది. చుట్టూ ఉన్న పొడి మట్టి చిల్లుల నుంచి జారి కింద పడుతుంది. మందం తగ్గించి పొదుపు చేద్దామనుకుంటే మాత్రం ఉండ అడుగుకు అతుక్కుపోయి, అట్లకాడతో గీకవలసి వస్తుంది. నేను గీకాను కాబట్టి చెబుతున్నాను.

సంచి మీద నెల రోజులకు సరిపోతుందని రాశారు. అది ఏ ఇంటి పిల్లి లెక్కో తెలియదు, మాకు పదకొండు రోజులు వస్తుంది. పిల్లుల సంఖ్య కంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలని పశువైద్యులు చెబుతారు. చోటు లేక మేము నాలుగుతోనే నెట్టుకొస్తున్నాము. నాలుగున్నా కొత్త మట్టి పోసిన ట్రే ఒక్కటే అందరికీ కావాలి. సంచి కత్తిరించిన చప్పుడుకు ఎక్కడున్నా బెల్లం పరుగెత్తుకొచ్చి, నేను ఇంకా పోస్తుండగానే మట్టి ధార కింద కూర్చుంటాడు. వాడి వెనుక మిరియం, దాని వెనుక జున్ను, రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు వరుసగా నిలబడతాయి. సుబ్బులు వరుసను గౌరవించదు.

ఇక లోపాలు. పోసేటప్పుడు లేచే తెల్లటి దుమ్ము చిన్న విషయం కాదు; ముక్కుకు తువ్వాలు కట్టుకోక తప్పదు, ఆస్తమా ఉన్న ఇళ్లకు నేను సిఫారసు చేయను. రేణువులు పాదాలకు అంటుకుని ఇల్లంతా ప్రయాణిస్తాయి. ఒక శుక్రవారం పొద్దున మా అత్తగారు దీపం వెలిగించబోయి, కడిగి ముగ్గు వేసిన పూజగదిలో ముగ్గును మించిన తెల్లటి పాదముద్రలు చూశారు; "కృష్ణాష్టమి ఇవాళా?" అని మాత్రం అడిగి ఊరుకున్నారు. ట్రే ముందు కొబ్బరి పీచు పట్టా వేసిన తరువాత సగం తగ్గింది. వానాకాలంలో మూతి కట్టని సంచిలోని మట్టి గాలిలోని తేమకే గడ్డకడుతుంది కనుక బిగుతైన మూత ఉన్న డబ్బా కొనుక్కోవాలి. తీసిన ఉండలను కమోడ్‌లో వేయకూడదు, గొట్టంలోనూ అది ఉబ్బుతుంది. ఇదే కంపెనీవారి లావెండర్ రకం ఒకసారి తగ్గింపు ధరకు తెస్తే, నాలుగూ ఏకమై దానిని బహిష్కరించాయి. జున్ను తన నిరసనను నా ఇస్త్రీ బట్టల మీద నమోదు చేసింది.

ఇన్ని చెప్పి కూడా నేను దీనిని మానకపోవడానికి కారణం వాసన తగ్గడం కాదు, లెక్క తెలియడం. నలుగురికీ కలిపి రోజుకు పది, పన్నెండు ఉండలు వస్తాయి, దాదాపు అన్నీ నిమ్మకాయంత. మొన్న కార్తీకంలో ఒక సాయంత్రం గరిటెకు గోలీకాయలంత ఉండలు ఏడెనిమిది తగిలాయి. ఎవరివో చూద్దామని పీట వేసుకుని బాల్కనీలో కూర్చుంటే, అరగంటలో బెల్లం ఐదుసార్లు వెళ్లాడు; వంగి కూర్చుని, సన్నగా మూలిగి, ఏమీ కాకుండానే లేచి వచ్చాడు. గండుపిల్లుల మూత్రనాళం సన్ననిది. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గొట్టం వేసి తీశారు, మూడు రోజులు ఉంచుకున్నారు. ఇసుక వాడే రోజుల్లో అయితే, నాలుగింటి మధ్య ఒకటి మూత్రం పోయడం లేదన్న సంగతి నాకు తెలిసే దారే లేదు.

అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు నేనే తీస్తున్నాను, ఇంట్లో గర్భిణులుంటే మాత్రం ఆ పని మరొకరు చేయాలి, పిల్లుల మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకే అవకాశం ఉంది.

ధర సంచికి ఏడు వందల రూపాయల దాకా పడుతోంది. నాలుగు సంచులు ఒకేసారి తెప్పించుకుంటే కొంత తగ్గుతుంది కాని, నలభై కిలోలు మూడంతస్తులు ఎక్కించాలి. మా లిఫ్టు పని చేయని రోజే డెలివరీ అబ్బాయి వచ్చాడు, రెండు సంచులు పైకి చేర్చి మిగిలినవి వాచ్‌మన్ గదిలో దించి వెళ్లాడు. వాటిని తెచ్చుకునేసరికి ఒక సంచి మూల చిరిగి ఉంది, వీధిపిల్లి ఒకటి అప్పటికే దానిని ప్రారంభించింది.