ఇంట్లో పెద్దవాళ్లకి ఆ ఉమ్మి టెస్టు చేయించకండి

ఉమ్మిలోని డీఎన్ఏ చూసి జబ్బుల ముప్పు చెప్తామనే ఆ కిట్టు ఏ కంపెనీదో చెప్పక్కర్లేదు, ఫోను తెరిస్తే వాళ్ల ప్రకటనే. "అల్జీమర్స్ ముప్పు ముందే తెలుసుకోండి" అన్నారు. ఆఖరి రోజుల్లో మా నాయనమ్మ కన్నకొడుకునే "ఎవరబ్బాయ్ నువ్వు" అని అడగడం గుర్తొచ్చి 14 వేలు కట్టేశాను. నాన్నకి 68. రిటైరైన లెక్కల మాస్టారు. ఇప్పటికీ వడ్డీ లెక్కలు నోటితోనే కట్టేస్తారు. "నాకేమైందిరా, ఎందుకిదంతా, వద్దు" అన్నారు. నేనే బలవంతం చేసి ట్యూబులో ఉమ్మి వేయించాను.

రిపోర్టు వివరించడానికి జెనెటిక్ కౌన్సెలర్ మాట్లాడతారన్నారు. నిన్న సాయంత్రం ఫోనొస్తే స్పీకర్లో పెట్టాను. "సర్, మీ జీన్‌లో తేడా ఉంది. మీకు అల్జీమర్స్ వస్తుంది. దానికి మందు లేదు" అందా అమ్మాయి. గుక్క తిప్పుకోకుండా, "మా బ్రెయిన్ ప్యాక్ ఆరు నెలలకి 22 వేలు, ఈ రోజైతే తగ్గింపు ఉంది" అంది. నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఇంకెన్నాళ్లుందమ్మా నాకు?" అని అడిగారు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "డెబ్బై దాటాక ఎప్పుడైనా సర్. ఆర్డర్ పెట్టమంటారా?"

రిపోర్టులో ఈ4 అని రాసిన ఆ జీన్ రకం ఒక్క కాపీ ఉంటే ముప్పు ఎంతని నేనడిగేసరికి ఫోను పెట్టేసింది.

డబ్బు కట్టకముందు చదవాల్సింది రాత్రంతా కూర్చుని చదివాను. ఏపీఓఈ అనే జీన్ ప్రతి మనిషికీ రెండు కాపీలుంటుంది. నాన్నకి ఒకటి ఈ3 రకం, ఇంకోటి ఈ4 రకం. ఈ4 వల్ల ముప్పు పెరుగుతుందని 1993లోనే తేలింది. ఒక కాపీ ఉంటే సుమారు రెండు మూడు రెట్లు, రెండుంటే ఇంకా చాలా ఎక్కువ. అయినా ఈ4 ఉండి ఎనభైల్లో నిక్షేపంగా ఉన్నవాళ్లున్నారు, అది లేకుండానే జబ్బు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్కటీ చూసి "వస్తుంది" అని ఎలా అంటారు? చాలా జీన్లలోని చిన్న చిన్న తేడాలు కలిపి లెక్కగట్టి రిపోర్టులో ఎర్ర రంగులో వేసిన రిస్క్ స్కోరు ఇంకో మోసం. అలాంటి స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల డీఎన్ఏ మీద కట్టినవి, మనవాళ్లకి అంత నమ్మకంగా పనిచేయవు. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకడైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జీనోమ్ అంతా బయటపెట్టి, ఏపీఓఈ ఒక్కటి మాత్రం తనకి చెప్పొద్దన్నాడు. మా నాన్న కూడా వద్దనే అన్నారు. నేను వినలేదు.

ఈ పొద్దున కళ్లజోడు ఎక్కడ పెట్టారో కనపడక, వెతకడం మానేసి మంచం మీద అలా కూర్చుండిపోయారు.

మతిమరుపు అనుమానముంటే న్యూరాలజిస్టుకి చూపించండి. బీపీ, షుగరు, వినికిడి చూపించండి, ముప్పు తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్నవి అవి. కిట్టు ఇప్పటికే తెప్పించుకుని ఉంటే ట్యూబు వెనక్కి పంపకముందే రద్దు చేసుకోండి. ల్యాబుకి చేరాక పైసా కూడా తిరిగి ఇవ్వం అని నాతో అన్నారు.