చేతి డైనమోమీటర్‌తో ఆరేళ్లు: మొదటి రోజు రీడింగ్ నేను లెక్కలోకి తీసుకోను

నేను ఫిజియోథెరపిస్టుని. చీలమండ కండరాల బలం కొలవడానికి ఆరేళ్లుగా చేత్తో పట్టుకునే డైనమోమీటర్ వాడుతున్నాను. దాని ప్యాడ్‌ను నేను పాదానికి ఆనించి పట్టుకుంటే, పేషెంటు ఎంత బలంగా నెట్టారో న్యూటన్లలో (బలానికి కొలమానం) చూపిస్తుంది. పరికరం మంచిదే. అయితే అది మొదటి రోజు చూపించే అంకెను నమ్మకూడదని అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అప్పట్లో చీలమండ బెణికిన ఒక వాలీబాల్ ఆటగాడు వచ్చాడు. పాదాన్ని బయటికి తిప్పే కండరాలకు మొదటి రోజు 92 న్యూటన్లు, నాలుగు రోజులకు 115. వ్యాయామాలు ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. ఇద్దరం సంబరపడ్డాం. తర్వాత అనుమానమొచ్చి బాగున్న కాలి రీడింగులు పక్కన పెట్టి చూశాను. అదీ దాదాపు అంతే పెరిగింది! దెబ్బే తగలని కాలు నాలుగు రోజుల్లో కోలుకోవడమేమిటి?

అంత తక్కువ సమయంలో కండరం పెరగదు. పెరిగింది నేర్పు. పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పడాన్ని విడిగా ఒక పనిగా ఎవరూ రోజూ చేయరు కదా. మొదటిసారి చేయమంటే తుంటి నుంచి కాలంతా తిప్పేస్తారు, వేళ్లు పైకి లాగుతారు, ఎదురు కండరాన్ని కూడా బిగబడతారు. నొప్పి వస్తుందేమోనన్న భయం ఒకటి. ఒకట్రెండు సార్లు చేశాక ఏ కండరాన్ని బిగించాలో, దేన్ని వదలాలో నాడీవ్యవస్థకు తెలుస్తుంది. పాదాన్ని పైకి లేపే పరీక్షలో నాకు ఈ తేడా అంతగా కనబడలేదు. ఆ కదలిక నడకలో అందరికీ అలవాటే.

అందుకే ఇప్పుడు మొదటి రోజును పూర్తిగా అలవాటుకే వదిలేస్తాను. ముందు సగం బలంతో మూడు సార్లు, ఆ తర్వాత పూర్తి బలంతో మూడు సార్లు, ఒక్కోటి 5 సెకన్లు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. రెండు మూడు రోజులాగి మళ్లీ కొలిచినదే నా ఆరంభ లెక్క. విశ్రాంతి తగ్గిస్తే అలసట అంకెను కిందికి లాగి, నేర్పు వల్ల వచ్చిన పెరుగుదలను కప్పేస్తుంది. ప్రతిసారీ రెండు కాళ్లూ కొలుస్తాను. ఎన్నిసార్లు కొలిచినా కొలతలో కొంత హెచ్చుతగ్గు ఉంటుంది, దానికి లెక్కలున్నాయి. కానీ ఆ లెక్కలు అటూ ఇటూ ఊగే పొరపాటుకే పనికొస్తాయి. అలవాటు అందరినీ ఒకే వైపుకు, పైకే నెడుతుంది.

ఇక పరికరం లోపాలు. పిక్క కండరాల దగ్గర ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఒంటికాలి మీద మునివేళ్లపై లేస్తే ఒంటి బరువంతా ఎత్తే కండరాలవి. వాటిని నా చెయ్యి ఆపలేదు. ఆపలేనప్పుడు తెర మీద కనిపించేది నా బలమే. పరికరాన్ని చేత్తో కాకుండా బెల్టుతో బిగించడం మొదలుపెట్టాకే ఆ అంకెలు నిలకడకొచ్చాయి. మోకాలు వంచితే పై పిక్క కండరం పట్టు తగ్గుతుంది కాబట్టి మోకాలి భంగిమ కూడా రాసుకోవాలి. ప్యాడ్ ఆనించే చోటు కాస్త జరిగినా రీడింగ్ మారుతుంది. నేను పాదం మీద పెన్నుతో గుర్తు పెట్టి, చీలమండ నుంచి దూరం కూడా కొలుస్తాను.

నేర్చుకునేది పేషెంటు ఒక్కరే కాదు. నా మొదటి ఏడాది రీడింగులు ఇప్పుడు చూస్తే, ఒకే మనిషికి ఒకే పూటలో వచ్చిన మూడు అంకెలకూ పొంతన లేదు. కొత్తగా కొన్నవాళ్లు కొన్ని వారాల పాటు తోటి ఉద్యోగుల కాళ్ల మీద సాధన చేసి, ఆ తర్వాతే పేషెంట్ల దగ్గరికి తీసుకెళ్లండి. కొనేటప్పుడు బెల్టు బిగించే వీలున్నదే తీసుకోండి.