గీతలు మాన్పుకునే రెయిన్ జాకెట్: వనామీ రొయ్యల చెరువుల మీద వాడి చూశాక

నెల్లూరు జిల్లా విడవలూరు, అల్లూరు వైపు వనామీ రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే పని నాది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు అసలు వానలు. పెద్ద వాన పడితే నీటిలో ఉప్పుశాతం (సెలినిటీ) పడిపోతుంది, మబ్బు పట్టి ఆక్సిజన్ తగ్గుతుంది, రైతులు టెన్షన్‌తో ఫోన్ చేస్తారు. అందుకే రెయిన్ జాకెట్ నాకు పనిముట్టు లాంటిది.

పాత జాకెట్ లోపల నీళ్లు దిగకుండా వేసిన పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడిపోయింది. తేమ, వేడి కలిసినచోట ఆ పూతకు ఇదే గతి. ఈసారి మూడు వేలు దాటినా ఫ్లోరిన్ లేని, గీతలు తానే మాన్పుకునే (సెల్ఫ్ హీలింగ్) పూత ఉన్నది తెప్పించాను. ఈ రకం పూతలో పాలిమర్ గొలుసుల (పొడవాటి అణువుల) మధ్య బంధాలు తెగినా మళ్లీ కలుస్తాయి. వేడి తగిలితే గొలుసులు కదిలి గీత పూడుతుంది.

గట్ల మీద సర్కారు తుమ్మ తప్పదు. ముల్లు గీసిన తెల్లటి చారల మీద పల్చటి గుడ్డ వేసి, లేబుల్ చెప్పినట్టు తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తే చాలావరకు కలిసిపోయాయి. మళ్లీ నీళ్లు పోస్తే బొట్లుగా జారాయి. ముల్లు అటునుంచి ఇటు దిగిన చోట మాత్రం మానలేదు, అతుకు వేయాల్సి వచ్చింది. ప్రకటన చూసి చిరుగు కూడా మానుతుందనుకుని కొనకండి.

ఉప్పు, చెమట, సబ్బు పొర పేరుకుంటే పూత బాగున్నా బట్ట నీళ్లు పీలుస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు తగలనివ్వకండి.

ఫ్లోరిన్ లేనిదే ఎందుకంటే, నీళ్లు నిలవకుండా చేసే పాత ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో అంత తేలిగ్గా విరిగిపోవు. వాటిలో కొన్నిటి నుంచి వెలువడే పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని 2019లో, ప్రకృతిలో చాలాకాలం నిలిచే హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. మా చెరువుల నీళ్లు చివరికి కాలువల్లోకి, సముద్రంలోకే పోతాయి. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కాకపోతే ఫ్లోరిన్ లేని పూత మీద నూనె మరక నిలుస్తుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల గ్రీజు అంటిందంటే అంత సులభంగా పోదు.

అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు స్క్విడ్ అనే సముద్ర జీవి పట్టుకాళ్ల మీది పళ్లలో ఉండే ప్రొటీన్ తరహాలో బట్టలకు పూత చేసి, తడిపితే చిరుగు అతుక్కునేలా చూపించారు. అది బజారులోకి వస్తే తీర ప్రాంతం వాళ్లకే ఎక్కువ ఉపయోగం.

ఇక నా ఫిర్యాదు కుట్ల మీది టేపు గురించి. మోచేతి దగ్గర అప్పుడే లేచింది, అక్కడినుంచి నీళ్లు చొక్కా చేతిలోకి దిగుతున్నాయి. ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా టేపు అతుక్కోలేదు. కంపెనీకి ఫొటోలు పంపాను, ఇంకా జవాబు రాలేదు. కొనేవాళ్లు ముందు లోపలివైపు తిప్పి, చేతుల కుట్ల దగ్గర టేపు అంచులు గోరుతో గీరి చూసుకోండి.