కాలిఫోర్నియాలో ఉండిపోవడమా, టెక్సాస్‌కు మారడమా: పన్నుల లెక్కలో ఏది మేలు?

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలి బే ఏరియాలో ఏ తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లినా ఈమధ్య ఈ మాట తప్పకుండా వస్తోంది: "డాలస్ వెళ్లిపోదాం అనుకుంటున్నాం. అక్కడ స్టేట్ ట్యాక్స్ లేదు కదా!" స్టేట్ ట్యాక్స్ లేదన్నది నిజమే. కానీ ఆ ఒక్కటీ చూసుకుని ఇల్లు, పిల్లల బడి, ఉద్యోగం అన్నీ కదిలిస్తే లెక్క తప్పే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇలా జనం వెళ్లిపోతుంటే కాలిఫోర్నియా ఖజానా ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. ముందు ఇంటి లెక్క, తర్వాత ఖజానా లెక్క చూద్దాం.

కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను 1 శాతంతో మొదలై 12.3 శాతం దాకా పోతుంది. ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటితే ఆ పైమొత్తం మీద ఇంకో 1 శాతం. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా పడేది 9.3 శాతం శ్లాబులో. టెక్సాస్‌లో ఇది సున్నా. 2019లో అక్కడి ఓటర్లు వ్యక్తుల ఆదాయంపై పన్ను వేయకూడదని రాజ్యాంగంలోనే రాయించారు కాబట్టి రేపు ఎవరు గెలిచినా తేలిగ్గా తేలేరు. సేల్స్ ట్యాక్స్‌లో పెద్ద తేడా లేదు: టెక్సాస్‌లో గరిష్ఠం 8.25 శాతం, కాలిఫోర్నియాలో కనిష్ఠం 7.25, చాలా ఊళ్లలో అంతకంటే ఎక్కువే. అసలు తేడా ఇంటి పన్నులో ఉంది.

భార్యాభర్తలిద్దరి జీతాలు కలిపి 2,50,000 డాలర్లు అనుకుందాం. 2024 లెక్కన స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఆదాయంలోంచి తీసేసే మొత్తం) పోగా కాలిఫోర్నియా ఆదాయపు పన్ను దాదాపు 15 వేలు. దానికి తోడు జీతంలోంచి కోసే ఎస్‌డీఐ (జబ్బుపడి పని మానేస్తే ఆదుకునే రాష్ట్ర బీమా) 1.1 శాతం, అంటే 2,750. మొత్తం సుమారు 18 వేల డాలర్లు. ఇదే కుటుంబం డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో 7 లక్షల డాలర్ల ఇల్లు కొంటే సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ పన్నులన్నీ కలిపి 1.7 శాతం దరిదాపుల్లో ఉంటాయి. సొంతిల్లు కాబట్టి దొరికే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోగా ఏడాదికి 10 వేలకు అటూఇటూ. కొత్తగా లేచిన కాలనీల్లో నీళ్లకూ డ్రైనేజీకీ చేసిన అప్పు తీర్చడానికి మడ్ ట్యాక్స్ కూడా వేస్తారు, అలాంటిచోట మొత్తం 2.5 శాతం దాటొచ్చు. ఇల్లు చూపించే ఏజెంట్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో అద్దెకుంటూ సొంతింటి ఆశ వదులుకున్న కుటుంబమైతే నా ఓటు టెక్సాస్‌కే. కానీ అది పన్ను వల్ల కాదు, ఇంటి ధర వల్ల. అక్కడ 7 లక్షలకు వచ్చే ఇల్లు ఇక్కడ 15 లక్షలు పెట్టినా దొరకడం కష్టం.

2012 ప్రాంతంలో ఇక్కడ 6 లక్షలకు ఇల్లు కొన్నవాళ్ల సంగతి వేరు. 1978లో ఓటర్లు తెచ్చిన ప్రపొజిషన్ 13 అనే చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో ఇంటి మీద మూల పన్ను 1 శాతం, పన్ను కోసం లెక్కగట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. ఆ ఇల్లు ఇప్పుడు బజార్లో 15 లక్షలు పలికినా, పన్ను లెక్కలో ఇంకా 7 లక్షల 60 వేల దగ్గరే ఉంటుంది. స్థానిక బాండ్ల (ఊరు చేసిన అప్పుల) వాటా కలుపుకున్నా 9 వేల చిల్లరతో సరిపోతుంది. నిన్న కొన్న పక్కింటివాళ్లు దాదాపు రెట్టింపు కడుతుంటారు. టెక్సాస్‌లో విలువ పెంపు మీద పరిమితి ఏడాదికి 10 శాతం. అందుకే అక్కడ ఏటా వసంతంలో ఇంటి విలువ ఇంతని చెప్పే అప్రైజల్ నోటీసు రాగానే తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ దాని మీదే నడుస్తాయి. వీధిలో తక్కువకు అమ్ముడైన ఇళ్ల వివరాలు, పైకప్పు వడగళ్లకు దెబ్బతిన్న ఫొటోలు పట్టుకుని మే 15లోగా ప్రొటెస్ట్ (విలువ తగ్గించమనే అభ్యంతరం) వేయాలి. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు.

చాలామంది చూడని తేడా ఇంకొకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఆదాయపు పన్ను జీతం ఉంటేనే ఉంటుంది. లేఆఫ్ అయి ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే కాలిఫోర్నియా పన్ను తనంతట తానే తగ్గుతుంది. టెక్సాస్ ఇంటి పన్నుకు మీ ఉద్యోగంతో పనిలేదు. అక్టోబరులో బిల్లు వస్తుంది, జనవరి 31లోపు కట్టాలి, దాటితే పెనాల్టీ. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల్లో కొత్తది వెతుక్కోవాల్సిన టెన్షన్ ఎలాగూ ఉంటుంది, దానిమీద ఈ బిల్లు. మారాలనుకునేవాళ్లు కనీసం ఒక ఏడాది ఇంటి పన్ను డబ్బు పక్కన పెట్టుకున్నాకే కదలాలి.

జీతం కోత కూడా చూసుకోవాలి. ఊరు మారితే జీతం తగ్గించే కంపెనీలున్నాయి. పై కుటుంబానికి 10 శాతం కోత పడితే 25 వేలు పోతాయి. ఫెడరల్ పన్నులు, సోషల్ సెక్యూరిటీ లెక్క తీసేసినా చేతికి వచ్చేదాంట్లో సుమారు 17 వేలు తగ్గుతుంది. మిగిలింది అనుకున్న 18 వేలు అక్కడికే చెల్లు.

ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే షేర్లు) ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. షేర్లు గ్రాంట్ అయిన (ఇస్తామని రాసిచ్చిన) రోజు నుంచి వెస్ట్ అయ్యే (మన సొంతమయ్యే) రోజు దాకా ఎన్ని పనిరోజులు కాలిఫోర్నియాలో గడిచాయో లెక్కేసి, ఆ వాటాపై కాలిఫోర్నియా పన్ను వసూలు చేస్తుంది. 2022లో గ్రాంట్ అయి, 2024లో మీరు మారి, 2026లో వెస్ట్ అయితే దాదాపు సగం ఆదాయం మీద ఇక్కడే కట్టాలి. మారిన తర్వాత కూడా నాన్‌రెసిడెంట్ రిటర్న్ 540ఎన్ఆర్ వేయాలి. టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ చేతిలో ఉన్నంత మాత్రాన తప్పదు.

న్యూజెర్సీ వాళ్లకు రెండువైపులా వాయింపే. ఆదాయపు పన్ను ఉంది, పైగా సగటు ఇంటి పన్ను బిల్లు 2024లో 10 వేల డాలర్లు దాటింది. అక్కడి నుంచి కదిలేవాళ్లు టెక్సాస్‌తో పాటు నార్త్ కరోలినానూ చూడటం మంచిది. 2025లో అక్కడ అందరికీ ఒకే రేటు, 4.25 శాతం. ఇంటి పన్ను టెక్సాస్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఉద్యోగం మీద భరోసా లేని కుటుంబానికి ఈ నడిమి దారే నయం.

ఇక ఖజానా సంగతి. 2020-21లో కాలిఫోర్నియాకు వచ్చినవాళ్ల ఆదాయం, వెళ్లినవాళ్ల ఆదాయం తీసి చూస్తే నికరంగా సుమారు 2,900 కోట్ల డాలర్లు బయటికి పోయిందని ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ లెక్క. అంకె భయపెట్టేలా ఉంది. కానీ అది ఆదాయం, పన్ను కాదు. దానంతటి మీదా 9.3 శాతం చొప్పున కట్టేవారనుకున్నా పన్ను 270 కోట్లు. వెళ్లినవాళ్లు మరుసటి ఏడాదీ కట్టరు కాబట్టి ఈ నష్టం ఏటేటా పోగుపడుతుంది, తేలిగ్గా తీసుకోలేం. దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 2022 మేలో గవర్నర్ న్యూసమ్ 9,750 కోట్ల డాలర్ల మిగులు ఉందని ప్రకటించారు. 2023 డిసెంబరుకల్లా 6,800 కోట్ల లోటు వస్తుందని అక్కడి శాసనసభ ఆర్థిక విశ్లేషకుడి కార్యాలయం అంచనా వేసింది. ఏడాదిన్నరలో అంత తేడా రావడానికి ప్రధాన కారణం 2022లో స్టాక్ మార్కెట్ పడిపోవడం. అక్కడ వసూలయ్యే ఆదాయపు పన్నులో 40 నుంచి 50 శాతం దాకా పై 1 శాతం మందే కడతారు. వాళ్ల షేర్లు పడితే ఖజానా పడుతుంది.

కొద్దిమంది మీద ఆధారపడితే ఎలా ఉంటుందో న్యూజెర్సీకి అనుభవమే. సంపన్నుల డబ్బును పెట్టుబడి పెట్టే హెడ్జ్ ఫండ్ ఒకదాని అధిపతి డేవిడ్ టెప్పర్ ఫ్లోరిడాకు మారిపోయారని 2016లో తెలిసినప్పుడు, ఆ ఒక్క మనిషి వల్ల రాష్ట్ర ఆదాయ అంచనాలే తప్పొచ్చని బడ్జెట్ అధికారి శాసనసభకు చెప్పాల్సి వచ్చింది. అలాగని పన్ను వేస్తే కోటీశ్వరులంతా పారిపోతారన్నదీ నిజం కాదు. కాలిఫోర్నియా 2012లో పన్ను పెంచినప్పుడు పై శ్లాబులో మామూలుకంటే అదనంగా వెళ్లినవాళ్లు 0.8 శాతమేనని జాషువా రావ్, రయన్ ష్యూల పరిశోధనలో తేలింది. అయితే ఉండిపోయినవాళ్లు చూపించే ఆదాయం తగ్గడంతో, ఇదీ అదీ కలిసి, మొదటి ఏడాది అదనపు రాబడిలో 45 శాతం దాకా కరిగిపోయిందనీ అదే పరిశోధన చెప్పింది. మసాచుసెట్స్‌లో 2023 నుంచి 10 లక్షలు దాటిన ఆదాయంపై 4 శాతం అదనపు పన్ను వేస్తే, బడ్జెట్‌లో 100 కోట్ల డాలర్లు అనుకున్న చోట 2024 ఆర్థిక సంవత్సరంలో 200 కోట్లకు పైగా వచ్చాయి. బడులకూ రోడ్లకూ రైళ్లకూ వాడుతున్నారు.

ఖజానాకు ఏది మేలంటే, ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకునే కాలిఫోర్నియా పద్ధతివైపే నా మొగ్గు. టెక్సాస్ పద్ధతిలో రాబడి నిలకడగా ఉంటుంది, నిజమే. కానీ తక్కువ జీతంతో బతికేవాళ్లు తమ సంపాదనలో కట్టే వాటా, కోటీశ్వరులు కట్టే వాటాకంటే అక్కడ చాలా ఎక్కువ. కాలిఫోర్నియా దిద్దుకోవాల్సిందల్లా, మార్కెట్ పొంగిన ఏడాది వచ్చిన డబ్బును శాశ్వత ఖర్చులకు కేటాయించడం మానేయాలి. 2014లో ఓటర్లు ఆమోదించిన పొదుపు నిధి నిబంధన ఉంది, దాన్ని ఇంకా గట్టిగా అమలు చేయాలి.

పన్ను తగ్గిస్తే మన కుటుంబాలు ఆగిపోతాయా అంటే, ఆగవు. 9.3 శాతాన్ని 8.3 చేసినా పై దంపతులకు ఏడాదికి మిగిలేది వెయ్యి డాలర్ల లోపే. అదే ఫ్రీమాంట్‌లోనో శాన్ రమోన్‌లోనో 8, 9 లక్షలకు మూడు బెడ్‌రూముల ఇల్లు దొరికితే, ఇప్పుడు ఫ్రిస్కోలో ఇళ్లు వెతుకుతున్నవాళ్లలో చాలామంది వెతకడం ఆపేస్తారు.